గడ్డివాములో తలుపులు

పక్క ఊరి వెంకటి ఇంటి తలుపులు ట్రాక్టరులో పోవడం రాయమల్లు తన కళ్లతో చూశాడు.

ఎనభై నాలుగో సంవత్సరం, మార్చి నెల. ఆ ఊరి కమ్మరి దగ్గర గొడ్డలి కాల్పించుకొని వస్తున్నాడు. ముందు బ్యాంకు జీపు, వెనక ట్రాక్టరు. ట్రాక్టరులో రెండు తలుపు రెక్కలు ఒకదాని మీద ఒకటి వెల్లకిలా పడి ఉన్నాయి. వాటి మీద ఒక ఇత్తడి గుండిగ, రెండు గంగాళాలు, ఒక కుట్టు మిషను. పై తలుపు మీద సుద్దముక్కతో పెద్ద పెద్ద అక్షరాలు. వెంకటి పేరు, వెంకటి తండ్రి పేరు, బాకీ అంకె. తండ్రి చచ్చిపోయి పన్నెండేళ్లయింది. ఆయన పేరు కూడా తలుపెక్కి ఊరేగుతున్నది.

రాయమల్లు తుమ్మచెట్టు వెనక్కి తప్పుకున్నాడు. జీపులో ఉన్నవాళ్లకు అతనెవరో తెలియదు. అయినా తప్పుకున్నాడు.

దారి వెంకటి ఇంటి ముందు నుంచే. దర్వాజకు పాత చీర అడ్డం కట్టారు. గాలికి ఆ చీర లోపలికి పోతున్నది, బయటికి వస్తున్నది. పొయ్యి, దండెం మీది బట్టలు, మూలకు మోకాళ్ల మీద తల పెట్టుకొని కూర్చున్న వెంకటి, అన్నీ బాట మీదికి కనిపిస్తున్నాయి.  రాయమల్లు నడక వేగం పెంచాడు. ఆ ఊరు దాటేదాకా తన చెప్పుల చప్పుడు తనకే పెద్దగా వినిపించింది.

రాయమల్లుకు కూడా అదే బ్యాంకులో అప్పుంది. ఎనిమిదేళ్ల కింద బావికి, ఆయిలింజనుకు తీసుకున్నాడు. బావి తొమ్మిది గజాలకు బండ తగిలింది. ఇంజను బిగించాడు గాని మాఘం దాటితే తోడడానికి నీళ్లుండవు. రెండు కిస్తులు కట్టాడు, మూడోది కట్టలేకపోయాడు. ఎండుతున్న వరిని నిలబెట్టుకుందామని మంచిర్యాలలో ఖయ్యూం సేటు దుకాణంలో ఎరువులు ఉద్దెర తెచ్చాడు. వరి నిలబడలేదు. తినడానికి జలపతిరావు దొర దగ్గర వెయ్యి తెచ్చాడు. దొరకు మిత్తి కట్టడానికి ముసలి యాదవ్వ దగ్గర రెండు వందలు తెచ్చాడు. ఒక గుంత పూడ్చడానికి పక్కన ఇంకో గుంత తవ్వుతూ పోయాడు.

బ్యాంకు నోటీసులు ఊళ్లో సర్కారు కాగితాలు పంచే సుంకరి కైలాసం తెచ్చి, సంతకం పెట్టించుకొని పోయేవాడు. రాయమల్లు నాలుగో తరగతి దాకా చదివాడు. పేరు చదివేవాడు. ఊరు చదివేవాడు. ‘జప్తు’ అన్న మాట దాకా వచ్చి ఆగిపోయేవాడు. ఆ మాట తరువాత కాగితం మీద ఇంకేమున్నదో అతను ఒక్కనాడూ చూడలేదు. మడత పెట్టి ఇంటి కప్పులో పెంకుల సందున దోపేవాడు. నాలుగు కాగితాలు అట్లా పైకెక్కాయి. భార్య కిష్టవ్వకు ఒక్కదాని సంగతి కూడా తెలియదు. మొత్తం బాకీ ఎంత అని రాయమల్లు తనను తాను కూడా అడగలేదు. ఒకనాడు ఇరవై వేలు అనిపించేది. కొత్త నోటీసు వచ్చిననాడు యాభై వేలు అనిపించేది.

వెంకటి తలుపులు చూసిన రోజు నుంచి అతని చెవులు అతని మాట వినలేదు. పిండిగిర్ని మొదలైతే జీపు. బస్సు మూల మలుపు దగ్గర గేరు మార్చితే జీపు. అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి తల ఎత్తేవాడు. బస్సే అని తెలిశాక కూడా లేచి బాట దిక్కు చూసి వచ్చేవాడు. పొద్దున లేవగానే తన తలుపులు ఉన్నాయా లేవా అని చూసుకునేవాడు.

అవి మామూలు తలుపులు కావు. రాయమల్లు తండ్రి ఉట్నూరు అడవి దిక్కు నుంచి టేకు మొద్దు తెప్పించి, వడ్లాయనను మూడు నెలలు ఇంట్లో పెట్టుకొని చేయించినవి. ఒక్కో రెక్క మీద తామరపూలు, చిలుకలు. రాయమల్లు ఇల్లు ఏదని అడిగితే ‘గా చిలుకల తలుపుల ఇల్లు’ అని చూపించేవారు. విత్తనం ఉద్దెర అడిగినా, పైసలు బదులు అడిగినా, ఇచ్చేవాడు ముందు ఆ తలుపుల దిక్కు చూసి ఇచ్చేవాడు. అవి పోతే పోయేది కట్టె ఒక్కటే కాదు. మిరుగం వచ్చి వాన పడ్డనాడు విత్తనపు గింజ కూడా పుట్టదు. ఆ సంగతే అతన్ని లోపల లోపల తినేస్తున్నది.

వీధి చివర బాబు మియా ఇల్లు. బండి కిరాయికి తోలుతాడు. అరవై దాటినవాడు, రాయమల్లు తండ్రికి దోస్తు. నాలుగో నాడు రాయమల్లును దారిలో ఆపాడు.

“ఏందిరా, మొకం గట్ల పీక్కపోయింది? జరమొచ్చిందా?”

“జరం గాదు మామా. జీపు.”

“ఏం జీపు?”

రాయమల్లు వెంకటి సంగతి చెప్పాడు. చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. పెంకుల సందున ఉన్న నోటీసుల సంగతి కూడా చెప్పేశాడు.

బాబు మియా బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు. “కిష్టవ్వకు ఎరుకేనా?”

“లేదు. చెప్పకు మామా, నీ కాల్మొక్త.”

“నా కాళ్లెందుకురా, నడువనీకే వస్తలేవు అవి. ఇప్పుడేం జేద్దామంటవ్?”

“వాళ్లొచ్చే యాళ్లకు ఇంటికి తలుపులే లేకుంట జేస్తే?”

బాబు మియా చెవి మీది బీడీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. “అంటే వాళ్లు చేసే పని మనమే జేద్దామంటవ్.”

“నీ గడ్డివాముల పెడ్త. నెలాఖరుకు వసూళ్లు బందయితయట. గప్పుడు మళ్ల పెట్టుకుంట.”

“తలుపుల్లేని ఇంటిని సూసి ఊరు ఊకుంటదా? ఏమని చెప్తవ్?”

“చెదలు పట్టినయని చెప్త.”

“టేకుకు చెదలా!” బాబు మియా నవ్వబోయి, రాయమల్లు మొహం చూసి నవ్వలేదు. “సరే, నీ ఇష్టం. బండి కడ్త పా.”

మిట్టమధ్యాహ్నం కిష్టవ్వ మిరపకాయలు ఏరడానికి పోయింది. ఎండకు వీధిలో ఎవరూ లేరు. పాతకాలపు తలుపులు కాబట్టి వాటికి బందులు లేవు. కింద గడపలో ఒక గుంత, పైన దర్వాజలో ఒక గుంత, వాటిలోనే తిరుగుతాయి. గడ్డపారతో లేపితే పైకి వచ్చాయి. బండిలో పడుకోబెట్టి మీద గడ్డి కప్పారు. బండి కదిలింది. తన ఇంటి సొమ్ము తానే దొంగిలిస్తున్నట్టుంది. వీధిలో ఒక్క కుక్క తప్ప ఎవరూ చూడలేదు.

పొద్దు గూకాక కిష్టవ్వ వచ్చి, మిరపకాయల గంప దించకుండానే నిలబడిపోయింది.

“తలుపులేవి?”

“చెదలు పట్టినయి. వడ్లాయనకిచ్చిన.”

“టేకుకు చెదలా? ఏ వడ్లాయనకు?”

“లక్షెట్టిపేట వడ్లాయనకు.”

ఆమె అతని దిక్కు చూసింది. నమ్మలేదని తెలుస్తూనే ఉంది. అలిసిపోయి వచ్చింది, తవ్వి అడగలేదు. “ఇయ్యాళటికి చీరన్న అడ్డం కడ్తనా?”

“చీర కట్టకు!” అన్నాడు రాయమల్లు. ఎంత గట్టిగా అన్నాడంటే కొట్టంలో దూడ లేచి నిలబడింది.

మరునాడు సుంకరి కైలాసం ఆ దారిన పోతూ ఆగాడు. దర్వాజ చూశాడు. పైన గుంత, కింద గుంత చూశాడు. నాలుగు నోటీసులు తన చేత్తో ఇచ్చిన మనిషి. “నాకు చెప్పకుంటనే వచ్చిపోయిండ్రా,” అని గొణుక్కుంటూ పోయాడు.

అంతే. రాయమల్లు తలుపులు జప్తయినాయన్న మాట చీకటి పడేలోగా ఊరంతా తిరిగింది. జీపుతో ఇద్దరు పోలీసులు కూడా వచ్చారన్నారు. కిష్టవ్వ కాళ్లా వేళ్లా పడిందన్నారు. చూసినవాడు ఒక్కడూ లేడు, చెప్పనివాడూ లేడు. పొద్దంతా మిరప చేన్లో ఉన్న కిష్టవ్వ చెవిన మాత్రం పడలేదు. ఈ సంగతి రాయమల్లుకు కిరాణా దుకాణంలో తెలిసింది. ఎప్పటిలాగే ఉప్పు, గ్యాసు నూనె ఉద్దెర అడిగాడు. దుకాణాయన సీసా చేతిలోకి తీసుకొని, నింపకుండా కింద పెట్టాడు.

“ఈసారి పైసలియ్యి రాయమల్లూ. ఏమనుకోకు.”

రాయమల్లు ఖాళీ సీసాతో ఇంటికి నడిచాడు. గడప ముందు ఆగి తన ఇంటిని తానే కొత్తవాడిలాగా చూశాడు. వెంకటి ఇల్లు ఎట్లా ఉందో అట్లనే ఉంది. చీర ఒక్కటే తక్కువ. ఊరికి తలుపుల్లేని దర్వాజ అంటే ఒకటే అర్థమని తనకు తట్టలేదు. జీపు రాకముందే జీపు వచ్చిపోయినట్టయింది. ఇప్పుడు తెచ్చి బిగిద్దామంటే, దాచాడన్న మాట బ్యాంకు దాకా పోతుంది. దాచిన నేరానికి లోపల వేస్తారేమో. ఆ ఆలోచన వచ్చేసరికి చెమట పట్టి అంగీ వీపుకు అంటుకుంది.

ఆ మరునాడు పొద్దున్నే వచ్చారు.

జలపతిరావు దొర ముందు వస్తున్నాడు. వెనక ఆయన జీతగాడు, భుజం మీద పలుపుతాడు. ఆ వెనక కైలాసం. ఇంకా వెనక కర్ర పొడుచుకుంటూ యాదవ్వ. రాయమల్లు ఇంట్లోంచి చూశాడు. చూడగానే తలుపు మూద్దామని చెయ్యి చాపాడు. చేతికి గాలి తగిలింది. ఏం చేయాలో తోచక, జొన్నల గుమ్మి వెనక్కి పోయి నక్కాడు. అప్పుడే పొయ్యి ముట్టిస్తున్న కిష్టవ్వ అది చూసి, ఏమీ అర్థం కాక, లేచి గడపలోకి వచ్చింది.

“నీ పెనిమిటి ఏడి?” అన్నాడు జలపతిరావు.

“ఇంట్ల లేడు దొరా.”

“సరే. వచ్చినంక చెప్పు. ఎడ్లు నా కొట్టంల ఉంటయి.” జీతగాడికి సైగ చేశాడు. వాడు కొట్టంలోకి పోయి ఎర్ర ఎద్దు పలుపు విప్పబోయాడు.

కిష్టవ్వ ఒక్క ఉరుకున పోయి పలుపు పట్టుకుంది. “ఎందుకు దొరా? మేమేం జేసినం?”

“బ్యాంకోళ్లు తలుపులు తీస్కపోయిండ్రు. రేపొచ్చి ఎడ్లు తీస్కపోతరు. గప్పుడు నా పైసలు నేనెవన్ని అడగాలె? నిన్నా?”

“ఏ బ్యాంకోళ్లు? తలుపులు వడ్లాయనకిచ్చినం.”

కైలాసం జాలిగా తల ఊపాడు. “ఇంకెందుకు దాస్తవు వదినా? నోటీసులు నేను దెచ్చినయే గదా. ఒకటి గాదు, నాలుగు. మొన్న మంచిర్యాలల ఖయ్యూం సేటు గూడ అడిగిండు, మీ ఊరి రాయమల్లు ఉన్నడా పోయిండా అని.”

“నాలుగా?” అంది కిష్టవ్వ. చేతిలో పలుపు మాత్రం వదలలేదు.

గుమ్మి వెనక రాయమల్లు కళ్లు మూసుకున్నాడు.  ఎద్దు గిట్టల చప్పుడు వినిపించింది. దొర జీతగాడు లాగుతున్నాడు, కిష్టవ్వ లాగుతున్నది. భూమిలో ఎక్కడన్నా సందు దొరికితే దిగిపోదామనిపించింది.

యాదవ్వ ఎవరితోనూ మాట్లాడలేదు. అరుగు మీద కూలబడి కర్ర పక్కన పెట్టుకుంది. ఎండాకాలమంతా తునికాకు తెంపి, కట్టలు కట్టి, రెండేళ్లు కూడబెట్టిన రెండు వందలు ఆమెవి. ఊపిరి తీసుకుంటూ ఇంట్లోకి చూసింది. చూసి, నెమ్మదిగా అంది:

“కొడుకా, నీ కాళ్లు కనబడుతున్నయిరా.”

చప్పుడు ఆగిపోయింది. రాయమల్లు తల వంచి తన పాదాలు చూసుకున్నాడు. గుమ్మి అడుగు నుంచి రెండూ బయటికే ఉన్నాయి. ఎంతసేపటి నుంచి అట్లా ఉన్నాయో.

బయటికి వచ్చాడు. జుట్టులో జొన్న పొట్టు, మోచేతికి బూజు. ఎవరి మొహం వైపూ చూడలేదు.

“తలుపులు ఎవరూ తీస్కపోలే,” అన్నాడు. ఎవరికీ వినపడలేదు, మళ్లీ అన్నాడు. “ఎవరూ తీస్కపోలే దొరా. నేనే తీసిన. జీపొస్తదని భయపడి బాబు మియా గడ్డివాముల దాసిన.”

ముందు కైలాసం నవ్వాడు. తరువాత జీతగాడు. చివరికి జలపతిరావు కూడా పొట్ట పట్టుకున్నాడు. “బ్యాంకోళ్ల పని నువ్వే జేసిపెట్టినవా? జీతమన్న అడుగకపోయినవురా!”

రాయమల్లు ఆ నవ్వు మధ్యలో నిలబడ్డాడు. ఈ క్షణం వస్తే చచ్చిపోతానని ఇన్నాళ్లూ అనుకున్నాడు. చావలేదు. ఎర్ర ఎద్దు నెమరు వేస్తున్నది. నవ్వనిది కిష్టవ్వ ఒక్కతే.

“భయపడేటంత ఎంతున్నది?” అంది.

“ఎరుక లేదు.”

“ఎరుక లేదా!”

“కాగితాలల్ల ఉన్నది. నేను సదవలే.”

“ఏడున్నయి?”

రాయమల్లు కప్పు దిక్కు చూశాడు. కిష్టవ్వ ఎద్దును నడిపించుకొచ్చి పలుపు యాదవ్వ చేతికిచ్చింది. ముసలామె దాన్ని మణికట్టుకు చుట్టుకుంది. కిష్టవ్వ లోపలికి పోయి, రోలు మీదికెక్కి, పెంకుల సందున చెయ్యి పెట్టి ఒక్కొక్కటే తీసింది. మసి పట్టిన నాలుగు మడతలు. ఒకదానికి బల్లిగుడ్డు అంటుకొని ఉంది. అన్నిటికన్నా కొత్తది అతని చేతిలో పెట్టింది.

“సదువు. నలుగురు ఇనేటట్టు సదువు.”

చదివాడు. పేరు. ఊరు. బాకీ అయిదు వేల నాలుగు వందలు. కట్టనిచో జప్తు. అక్కడ నాలుక ఆగింది. కిష్టవ్వ కదలలేదు. రాయమల్లు తడబడుతూ ముందుకు పోయాడు. “జప్తు చేయబడును. అయితే, మార్చి ఇరవై అయిదవ తేదీ లోపల తాము స్వయముగా హాజరై బకాయిలో మూడవ వంతు చెల్లించినచో, జప్తు నిలిపివేసి, మిగిలిన దానికి వాయిదాలు ఇవ్వబడును.”

“మళ్ల సదువు,” అంది కిష్టవ్వ.

మళ్లీ చదివాడు. పాత కాగితాలు విప్పాడు. తారీఖులే వేరు. జప్తు తరువాత ఆ ‘అయితే’ నాలుగింటిలోనూ ఉంది.

“ఇయ్యాళ తారీఖెంత?”

“ఇరవై రెండు,” అన్నాడు కైలాసం. నవ్వు ఆపేశాడు.

కిష్టవ్వ పొయ్యిలోంచి చల్లారిన బొగ్గు తెచ్చింది. ఇన్నేళ్లూ తలుపు రెక్క వెనక దాగి, మాయకుండా తెల్లగా ఉన్న గోడ ముక్క మీద రాయమన్నది. బ్యాంకుది రాశాడు. దొరది ఎంతని అడిగితే జలపతిరావు తడుముకోకుండా చెప్పాడు. “అసలు వెయ్యి. నూటికి నెలకు రెండు రూపాలు, కట్టింది పోను ఇరవై ఒక్క నెలలు. నాలుగు వందల ఇరవై.” ఖయ్యూం సేటుది ఆరు వందల నలభై. యాదవ్వది రెండు వందలు. “నాకు మిత్తి రాయకు కొడుకా, నేనడగలే,” అంది ముసలామె. అడ్డగీత కొట్టి కలిపాడు. ఒకసారి తప్పు కలిపి, చేత్తో తుడిచి, మళ్లీ కలిపాడు.

ఏడు వేల ఆరు వందల అరవై.

రాయమల్లు ఆ అంకెను చూస్తూ ఉండిపోయాడు. తక్కువేం కాదు. పంట పండిన ఏడాది తిండికి పోను మూడు వేలు మిగిలితే గొప్ప. అయినా యాభై వేలు కాదు, ఇరవై వేలు కాదు. భయం పోలేదు. కాని ఇంతకు ముందు అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలిసేది కాదు. ఇప్పుడు గోడ మీద జానెడు జాగాలో ఉంది.

“ఎడ్లు తోల్కపోతె దున్ననీకి రాదు దొరా,” అన్నాడు. తన గొంతు తనకే కొత్తగా ఉంది. “దున్నకుంటె మీకేడికెల్లి కట్టాలె? రెండు పంటలల్ల కడ్త. గీ నలుగురి ముందట చెప్తున్న.”

జలపతిరావు గోడ మీది లెక్క చూశాడు. గడ్డం గోక్కున్నాడు. “సరే, ఒక పని జెయ్యి. గడ్డివాముల ఉన్న గా తలుపులు నాకు తోలు. మిత్తి మొత్తం మాఫ్.”

రాయమల్లు నోట్లోంచి ‘సరే’ రాబోయింది. ఈ మనిషి ఇక్కణ్నుంచి పోతే చాలు, ఆ ఎద్దు జోలికి రాకుంటే చాలు. పెదవి కదిలింది కూడా.

“ఆగు,” అంది కిష్టవ్వ. దొర దిక్కు తిరిగింది. “నాలుగు వందల ఇరవై రూపాలు ఊకెనె ఇడిసేటోరు కాదు మీరు. అంటే వాటికి ఎక్కువనే వస్తది. మంచిర్యాలల అడిగినంక చెప్తం దొరా.”

కైలాసం గోడ దిక్కు తిరిగి దగ్గాడు. జలపతిరావు మొహం ఎర్రబడింది. “తెలివి బాగనే ఉన్నది నీ పెండ్లానికి. వానకాలం పంటకు సగం కట్టాలె. మిత్తి నడుస్తనే ఉంటది. తప్పితే నేను రాను, నా జీతగాడే వస్తడు,” అన్నాడు. జీతగాడు పలుపుతాడు మళ్లీ భుజానేసుకున్నాడు.

అందరూ పోయాక కిష్టవ్వ గడపలో కూర్చుంది. నోటీసులు ఒక్కొక్కటే మడత పెట్టింది. తిట్టినా బాగుండునని రాయమల్లుకు అనిపించింది.

“గా కాగితాలు పైన పెట్టుకొని నా పక్కల ఎట్ల పన్నవయ్యా?” అంది చివరికి.

అతను జుట్టులోని జొన్న పొట్టు దులుపుకున్నాడు.

ఇరవై నాలుగో తారీఖు పొద్దున బాబు మియా బండి కట్టాడు. తలుపుల మీద ఈసారి గడ్డి కప్పలేదు. వాటి పక్కన మూడు బస్తాల జొన్నలు. వానకాలం దాకా తినడానికి దాచుకున్నవి. ఊరి నడిమి నుంచే పోయారు. అరుగుల మీది నుంచి అందరూ చూశారు. “బండి మెల్లగ పోనీ మామా, చెదలు రాలుతయి!” అని ఎవడో అరిచాడు. బాబు మియా ఎడ్లను అదిలించాడు. రాయమల్లు తల వంచుకోవాలా ఎత్తుకోవాలా తెలియక ఎడ్ల తోకల దిక్కు చూస్తూ కూర్చున్నాడు.

మంచిర్యాలలో రైలు కట్ట పక్కన పాత కట్టె కొనే అడితి ఉంది. అడితి సేటు తలుపును వేలి కణుపుతో కొట్టాడు, గోరుతో గీకాడు. ఒక చిలుక ముక్కు విరిగిందని చూపించాడు.

“వెయ్యి.”

“ఇట్లాంటి టేకు ఇప్పుడు అడవిల గూడ లేదు సేటు,” అన్నాడు బాబు మియా.

“అడవిల లేకుంటె అడవినే అడుగు, నన్నెందుకు అడుగుతవ్?”

“పద్దెనిమిది నూర్లు,” అంది కిష్టవ్వ.

గంటసేపు బేరమయింది. పద్నాలుగు నూర్ల దగ్గర తెగింది. హమాలీలు తలుపులు లోపలికి మోసుకుపోతుంటే రాయమల్లు వెంట రెండడుగులు వేసి ఆగాడు. ఇన్నాళ్లూ ఎవడో వచ్చి పీక్కుపోతాడని వణికాడు. ఇప్పుడు తామే బేరమాడి ఇచ్చారు. బాధ తక్కువేం లేదు. కాని వాటి మీద తండ్రి పేరు ఎవడూ రాయలేదు.

జొన్నలకు నాలుగు వందల ఇరవై వచ్చింది. మొత్తం పద్దెనిమిది వందల ఇరవై. కిష్టవ్వ కొంగులో ముడేసింది.

బ్యాంకు మెట్ల దగ్గర రాయమల్లు కాళ్లు ఆగిపోయాయి. పక్కన అదే జీపు నిలబడి ఉంది. దాని ముందు చక్రానికి ఎండిన బురద. ఏ ఊరి బురదో.

“దాసినందుకు పట్టుకుంటె?” అన్నాడు.

“పట్టుకుంటె నేనింటికి పోయి వండుకుంట. నువ్వు ఈన్నే తిను,” అంది కిష్టవ్వ. ఆమె చెయ్యి కూడా చల్లగా ఉంది.

లోపల కళ్లద్దాల గుమాస్తా నోటీసు తీసుకొని మసి దులిపాడు. ఒక పెద్ద రిజిస్టరు తెరిచాడు. అతని వేలు కాగితం మీద దిగుతున్నంతసేపూ రాయమల్లు ఆ వేలినే చూశాడు.

“వచ్చే గురువారం జీపు మీ ఊరికే ఉండె,” అన్నాడు గుమాస్తా తల ఎత్తకుండా. “పైసలు దెచ్చినవా?”

“దెచ్చిన సారు.”

లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. రశీదు చింపి ఇచ్చాడు. “ఇంకా మూడు వేల ఆరు వందలు. నాలుగు వాయిదాలు. మొదటిది డిసెంబరుల, మిత్తి అప్పుడు కలుస్తది. అది తప్పితే మళ్ల వాయిదా ఉండది, జీపే.”

“డిసెంబరుల,” అన్నాడు రాయమల్లు.

ఎవరూ పట్టుకోలేదు. తలుపుల సంగతి అసలు అడగనే లేదు.  మెట్ల మీద ఆగి రశీదు మొత్తం చదివాడు, అడుగున గీత కింద ఉన్న చిన్న అక్షరాలతో సహా.

బండి బజారు దారి పట్టింది. ఇంటికి పోయాక దర్వాజకు వెదురు తడక అల్లాలి. వానకాలం దాకా అంబలికి జొన్నలు ఎక్కడివో చూడాలి. డిసెంబరుకు తొమ్మిది నెలలు. ఆ తొమ్మిది నెలలూ రాయమల్లు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు.

“ఇంక ఎంతున్నది?” అంది కిష్టవ్వ.

“అయిదు వేల ఎనిమిది వందల అరవై.” తడుముకోలేదు.

“ముందుగాల ఎవరిది?”

బజారులో ఎరువుల బస్తాలు పేర్చిన దుకాణం కనిపిస్తున్నది. తెల్లటోపీ పెట్టుకున్న మనిషి గల్లాపెట్టె ముందు కూర్చొని ఏదో రాసుకుంటున్నాడు. రాయమల్లు ఆ దుకాణం ముందు నుంచి నడవక ఏడాదైంది.

“జర ఆపు మామా,” అన్నాడు.

“పైసలేవిరా? ఇరవై రూపాలే ఉన్నయి,” అన్నాడు బాబు మియా.

“ఇయ్యనీకి గాదు. చెప్పనీకి.”

దిగాడు.  చెప్పులు విడిచి మెట్టెక్కాడు. ఖయ్యూం సేటు కలం ఆపి తల ఎత్తాడు, గుర్తుపట్టాడు, మొహం గట్టిపడింది.

“సేటు,” అన్నాడు రాయమల్లు. “నీ ఆరు వందల నలభై మాట మాట్లాడనీకి వచ్చిన.”